ఎవరూ లేరు అనే జవాబు

ఈ సంగతి జరిగిన రోజుల్లో నాకు చదవడం కొద్దిగా వచ్చు గానీ రాయడం నా పేరు వరకే. చదవడమైనా పెద్ద అక్షరాలైతేనే, పక్కన నిలబడి ఎవరూ తొందరపెట్టకపోతేనే. నా పేరు నేను రాసుకునేలోగా వెనక వరసలో ముగ్గురు వేలిముద్రలు వేసి వెళ్లిపోయేవారు. అందుకే హాజరు పుస్తకంలో నేనూ వేలిముద్రే వేస్తూ ఉండేదాన్ని. తర్వాత రెండేళ్లకు రాయడం కుదిరింది. అయినా ఇది రాయలేదు. అప్పటికి అడ్డం అక్షరాలు కాదు. ఇందులో నేను చేసిన పని ఒకటి ఉంది. దాన్ని కాగితం మీద పెట్టడానికి ఇన్నాళ్లు పట్టింది.

మా ఊళ్లో బడి ఉండేది. నేను బడికి పోవలసిన వయసులో మా తమ్ముడు పాలు తాగే పిల్లవాడు. అమ్మ కూలికి పోతే వాణ్ని నేను ఎత్తుకోవాలి. పెళ్లయ్యాక పట్నం వచ్చాం. ఇటుకలు మోశాను. మదీనాగూడలో ఒక షాపింగ్ కాంప్లెక్సులో నేల తుడిచాను. ఆ తర్వాత హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ పనికి చేరాను. ఎక్కడా నన్నెవరూ చదవమని అడగలేదు.

బిల్డింగు ఆరో అంతస్తులో పదిహేను మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. అక్కడ గోడకు ఒక తెల్ల బోర్డు. చేరిన మొదటి వారంలోనే దాన్ని స్ప్రే కొట్టి మరీ మెరిసేట్టు తుడిచాను. మూలన ఎర్ర ఇంకుతో తుడవొద్దని ఇంగ్లీషులో రాసి ఉందట. మూడు రోజులు కూర్చుని ఆలోచించి రాసుకున్నదంతా పోయిందని ఒకటే గోల. అప్పుడు ఒక మేడం లేచి వచ్చారు. నా వయసే ఉంటుంది, గుంటూరు వైపు మాట. "మీకు తెలుగు చదవడం వచ్చాండీ?" అని అడిగారు.

"ఏదీ రాదు మేడం."

మర్నాడు బోర్డు కింద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంది. "ఇది 'తుడవకండి' అన్నమాట. ఈ ఐదు అక్షరాలూ గుర్తుపట్టండి చాలు" అన్నారామె. నేను చదవడం నేర్చిన మొదటి మాట అదే. తర్వాత రోజుకొక మాట ఆ మూలన రాసిపెట్టేవారు. నీళ్లు, తాళం, చెత్తబుట్ట. చదివితేనే తుడవాలని షరతు. మొదట్లో చదవలేక తుడవకుండా వదిలేసినవి నాలుగైదు మాటలు వరసగా పేరుకుపోయేవి.

అదే బిల్డింగులో మూడో అంతస్తు తుడిచే ఆమె ఒకరుండేది. నాకంటే ముందునుంచే ఉంది. ఇద్దరం గోపన్‌పల్లిలో రెండు గల్లీల తేడాతో ఉండేవాళ్లం, ఒకే షేర్ ఆటోలో వచ్చేవాళ్లం. మా ఇద్దరి పేరూ ఒకటే. సూపర్‌వైజర్ పిలిస్తే ఇద్దరం పలికేవాళ్లం. అతను విసిగిపోయి నన్ను ఆరో అంతస్తు అనీ, ఆమెను మూడో అంతస్తు అనీ పిలవడం మొదలుపెట్టాడు. నేను ఆమెను అక్కా అనేదాన్ని.

పుట్టినరోజు కూడా మా ఇద్దరిదీ ఒకటే. ఆధార్ కార్డులు తీసేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే మాకెవరికీ తెలియదు. వయసు ఎంతుంటుందని అడిగి, నలభై అంటే నలభై ఏళ్లు వెనక్కి లెక్కేసి, జనవరి ఒకటి అని కొట్టేవారు. మాలో చాలామందిమి అప్పుడు నలభై అనే చెప్పాం. ఆ లెక్కన మా ఆటోలో సగం మంది ఒకేరోజు పుట్టాం. ప్రతి కొత్త సంవత్సరానికీ అక్క ఆటో ఎక్కుతూ, "అందరికీ హ్యాపీ బర్త్‌డే! కేక్ యాడున్నదే?" అనేది. ఆటో అంతా నవ్వులే.

ఒక ఏడాది ఎండాకాలంలో బిల్డింగు వాళ్లు పాత కాగితాల్లో ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా గేటు కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఎప్పుడో తప్పుచేసి పని పోగొట్టుకున్నవాళ్లు, మళ్లీ లోపలికి రానివ్వకూడనివాళ్లు. ప్రతి సోమవారం ఆ పేర్లను కంప్యూటర్ మా అందరి పేర్లతో సరిచూస్తుంది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా, కార్డు పెడితే పచ్చ లైటు వెలగాలి.

అలా సరిచూసిన మొదటి సోమవారం అక్క కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది.

గేటు దగ్గరి సెక్యూరిటీ అతను తెర చూసి గొంతు తగ్గించి, "అక్కా, నీ మీద లాప్‌టాప్ దొంగతనమున్నది" అన్నాడు.

అక్క ముందు నవ్వింది. "లాప్‌టాపా? దాన్ని ఎట్ల తెరుస్తరో గూడ నాకు ఎర్క లేదు తమ్మీ."

వరసలో ఉన్నవాళ్లూ నవ్వారు. ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. అతని మొహం చూశాక ఎవరూ నవ్వలేదు. అక్క నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు చెల్లె. నేను గసుంటిదాన్నా?"

నా వెనక పదిమంది ఉన్నారు. హాజరుకు టైమవుతోంది. నేను అన్న మాట ఇది: "కంప్యూటర్ ఊకెనే చెప్తదా అక్కా?"

అని కార్డు పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. లోపలికి వెళ్లిపోయాను.

ఆ బుధవారం అక్క మళ్లీ మా ఆటో ఎక్కింది, ఎక్కడో పని వెతుక్కోవడానికి. నా పక్కన జాగా ఉంది. ఒడిలో ఉన్న టిఫిన్ సంచి తీసి నేను ఆ జాగాలో పెట్టాను. ఆమె చూసింది. ముందుకు జరిగి డ్రైవర్‌కు వీపు తగిలే చిన్న పలక మీద కూర్చుంది. నేను చేసిన పని అని మొదట చెప్పింది దీని గురించే.

తర్వాతి సోమవారం పొద్దున ఆరున్నరకు నా కార్డు పెట్టాను. ఎర్ర లైటు.

కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటే. సెక్యూరిటీ అతను తెరకేసి చూసి, నాకేసి చూసి, "నీది గూడ గదే అక్కా. లాప్‌టాప్" అన్నాడు.

వెనకనుంచి ఎవరో, "ఒక్కటే లాప్‌టాప్‌ను ఇద్దరు కలిసి మోసిన్రా ఏంది?" అన్నారు.

సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో ఒక కాగితం, ఇంకు పెట్టె. "లొల్లి చెయ్యకు. నీ జాగల వేరే ఆమెను పెట్టిన. దీని మీద వేలు పెట్టి ఇంటికి పో."

"ఏంది సార్ గిది?"

"ఏం లేదు. ఫార్మాలిటీ."

కాగితం తీసుకున్నాను. తెలుగులోనే ఉంది, జిరాక్సు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. నా, సొంత, ఇష్టంతో. ఆ మూడు మాటలు దాటడానికే చెమటలు పట్టాయి.

"ఏం చూస్తున్నవ్?"

"చదువుతున్న సార్."

అతను నవ్వాడు. "ఎప్పటి సంది?"

నా సొంత ఇష్టంతో పని మానేస్తున్నాను అని ఉంది. నన్ను పనిలో పెట్టిన ఏజెన్సీతో నాకు ఏ పేచీ లేదు అని ఉంది. కాగితం వెనక్కి ఇచ్చాను. "నేను వేలు పెట్ట సార్. నేను మానుతలేను."

"మూడో అంతస్తామె గమ్మున పెట్టి పోయింది. నీకేం తకలీఫ్? సూడు, పన్నెండింటికి లిస్టు పంపాలె. వేలు పెడితే మానుకున్నదని రాస్త. పెట్టకుంటే దొంగ అని రాసి పంపుత. ఈ ఐటీ పార్కుల ఏ బిల్డింగుకు పోయినా గేటు కాడనే ఆపుతరు. నీ ఇష్టం."

పన్నెండు వరకు టైముంది. నాకు తోచింది ఒక్కటే. గేటులో ఈ ప్రోగ్రాం ఆరో అంతస్తు వాళ్లు రాసిందే. ఒకసారి గేటు పనిచేయకపోతే మేడం కిందికి వచ్చి బాగుచేయడం నేను చూశాను. "తమ్మీ, ఆరో అంతస్తు మేడంకు జర ఫోన్ కొట్టు" అని సెక్యూరిటీ అతన్ని బతిమాలాను.

"మేడం తొమ్మిదిన్నరకు గాని రాదక్కా. గంత సేపు ఈడ కూసుంటవా?"

"కూసుంట."

గేటు బయట ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాను. మా ఆటోలో వచ్చేవాళ్లు, పక్క బిల్డింగుల వాళ్లు నన్ను చూస్తూ లోపలికి పోయారు. నాకు బాగా తెలిసిన ఒకామె దగ్గరగా వచ్చి, నా మొహం చూసి, ఫోన్ చెవికి పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఫోన్ మోగనే లేదు. ఆమె మీద కోపం రాలేదు. నా టిఫిన్ సంచి నా ఒడిలోనే ఉంది.

తొమ్మిదిన్నర దాటింది. పది అయింది. పది దాటి పది నిమిషాలకు మేడం కారు వచ్చింది. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఇరుక్కుపోయారట. నేను కారుకు అడ్డంగా పరుగెత్తాను. సెక్యూరిటీ అతను అరిచాడు. మేడం అద్దం దించారు. నేను చెప్పింది సగం అర్థమైందో లేదో గానీ, "ముందు పైకి రండి" అన్నారు. నా పేరు మీద విజిటర్ చీటీ రాయించారు. శుక్రవారం నేను తుడిచిన లిఫ్టులోనే విజిటర్‌గా పైకి వెళ్లాను.

ఆమె తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాగి కూర్చోమన్నారు. నిలబడే ఉన్నాను. "కూర్చోండి. నాకు మీతో పనుంది" అన్నారు. తెర మీద చిన్న చిన్న అక్షరాలు వరసలు వరసలుగా కదిలాయి.

"ఇది డెల్ఫీ అనే భాషలో రాసిందండి. పాతది, నేనే రాశాను. ఇదిగో, ఇందులో మీ అందరి జాబితా ఉంది, చేరిన వరసలో. వెతికే మనిషి ఒకడున్నాడనుకోండి. వాడి చేతికి మనం ఒక ప్రశ్న రాసి ఇస్తాం. ఆ ప్రశ్నను ప్రెడికేట్ అంటారు. వాడు జాబితా మొదటి నుంచి ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడుగుతాడు. అవును, కాదు, రెండే జవాబులు. ఎవరు మొదట అవునంటే వాళ్ల దగ్గర ఆగిపోయి పట్టుకొస్తాడు. వెనకున్నవాళ్లను ఇక అడగడు."

"అడగకపోతే ఎట్ల మేడం? అసలామె వెనకున్నదేమో."

"ప్రశ్న సరిగ్గా ఉంటే అలా జరగదండి. వెతికేవాడు ఎప్పుడూ ఒక్కడే. ఏం దొరుకుతుందన్నది మనమిచ్చే ప్రశ్నను బట్టి ఉంటుంది."

మా స్టోరు గది తాళాల గుత్తి గుర్తొచ్చింది. రంధ్రంలో దూరిన మొదటి చెవే అసలు చెవి అనుకుని కొత్తలో ఎన్నిసార్లు తిప్పి వంచేశానో. "మీరేం ప్రశ్న ఇచ్చిన్రు మేడం?"

"దొంగతనం చేసినామె పేరూ ఈమె పేరూ ఒకటేనా, పుట్టిన తేదీ ఒకటేనా. రెండూ అవునైతే ఆమే."

"పుట్టిన తేదీ ఏమున్నది అండ్ల?"

"జనవరి ఒకటి." సంవత్సరం కూడా చదివారు.

"మేడం, మా అందరిదీ గదే."

"అందరిదీ అంటే?"

ఆధార్ సంగతి చెప్పాను. మేడం చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. "మా ఇంట్లో అందరి పుట్టినరోజులూ నాకు తెలుసు" అన్నారు, నాతో కాదు. తర్వాత ఏదో మార్చి, ఆగకుండా చివరిదాకా అడిగి అవునన్న వాళ్లందరినీ చూపించమన్నారు. రెండు షిఫ్టులవీ కలిపి ఐదు వరసలు వచ్చాయి. ఐదూ నా పేరే. మొదటి వరస నాది.

"అక్కది ఏది మేడం?"

"ఆమె ఇందులో లేదండి. పోయిన వారం ఏజెన్సీ తీసేసింది." మేడం నా వరస మీద వేలు పెట్టారు. "ఆమె ఉన్నంతకాలం ఆమె మొదట ఉంది. ఆమెను తీసేశాక మీరు మొదటికొచ్చారు."

ఆ తర్వాత ఆమె ఇంకో పని చేశారు. అసలు జాబితా ముట్టకుండా దాని నకలు ఒకటి తీసి, అందులోంచి నా వరస తీసేశారు. వెతకమన్నారు. ఎర్ర గుర్తు కింది వరసకు దిగింది. అది రెండో అంతస్తు ఆమె, ఆరు నెలల కిందటే చేరింది. ఆమెను తీసేశారు. గుర్తు ఇంకో మెట్టు దిగింది. నేను కళ్లు మూసుకుని, "చాలు మేడం" అన్నాను.

గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది.

మేడం ఆ దొంగతనం గురించిన పాత కాగితం ఫొటో తెర మీద తెరిచారు. అంతా ఇంగ్లీషు. నాకు అంకెలు వచ్చు. లాప్‌టాప్ పోయిన తేదీ చూపించమని అడిగాను. సంవత్సరం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాను. "గప్పటికి నేనీ బిల్డింగే చూడలె మేడం. మదీనాగూడల ఉన్న. అక్క ఇటుక బట్టీల ఉన్నది."

"మీరు చేరిన తేదీ జాబితాలో ఉంది" అన్నారామె నెమ్మదిగా. "దొంగతనం నాటికి ఈమె ఇక్కడ పనిలో ఉందా? ఎంత చిన్న ప్రశ్నండీ. నేను అడగనే లేదు."

టకటకా ఒక వరస చేర్చారు. వెతకమన్నారు.

తెర మీద చిన్న పెట్టె పైకి లేచింది, ఎర్రటి గుర్తుతో. మేడం దాన్ని మూశారు, మళ్లీ నడిపించారు, మళ్లీ అదే పెట్టె.

"ఏమైంది మేడం? మల్ల నేనేనా?"

"మీరు కాదు. ఎవరూ కాదు." ఆమె కుర్చీలో వెనక్కి వాలారు. "ఐదుగురూ కాదన్నారు. ఆ దొంగ ఇప్పుడు మన జాబితాలోనే లేదు, ఎప్పుడో వెళ్లిపోయింది. వెతికినవాడు ఖాళీ చేతులతో వచ్చాడు. వాడు తెచ్చిన మనిషి పేరు చదవమని కిందే రాశాను నేను. ఎవరూ లేకపోతే ఏం చేయాలో రాయలేదు. దీనికి ఎవరూ లేరు అనే జవాబు ఇంతవరకు రాలేదండి. ఇప్పటికి ఎక్కించింది ఈ ఒక్క పేరే, దీనికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికారు."

పదకొండున్నర. ఆమె ఇంకో రెండు వరసలు రాశారు. ఎవరూ దొరక్కపోతే ఎవరినీ ఆపకు. నడిపించారు. పెట్టె రాలేదు. తెర ఖాళీగా ఉంది. ఖాళీ తెరను అంతసేపు నేనెప్పుడూ చూడలేదు.

సరిచేసింది గేటులో పెట్టాలంటే బిల్డింగు మేనేజరు ఒప్పుకోవాలట. బిల్డింగు ఆఫీసుకు ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. పెడితే, మేనేజరు మీటింగులో ఉన్నాడన్నారు. మేడం నన్ను వెంటబెట్టుకుని మెట్లు దిగారు, లిఫ్టు కోసం ఆగలేదు. మీటింగు గది తలుపు తట్టకుండానే తీశారు. లోపల ఏం మాట్లాడారో నాకు తెలియదు, ఇంగ్లీషు. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా గేటు దగ్గరికి వచ్చాం. సూపర్‌వైజర్ ఫోన్‌లో లిస్టు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. నేను కార్డు పెట్టాను.

పచ్చ లైటు.

సెక్యూరిటీ అతను, "పో అక్కా, పో పో" అన్నాడు, ఎక్కడ మళ్లీ ఎర్రబడుతుందో అన్నట్టు. నేను కదల్లేదు. "అక్క సంగతేంది సార్?" అని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"ఆమె సొంత ఇష్టంతో మానుకున్నది. వేలు పెట్టిందిగా."

"ఏం రాసున్నదో ఆమెకు చదివి చెప్పిన్రా?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మేడం అతనికేసి చూస్తూ, "ఆమెను ఆపింది నా ప్రోగ్రాం తప్పండి. నేను రాసిస్తాను, మేనేజరు సంతకంతో" అన్నారు. సాయంత్రానికి ఆ కాగితం ఇచ్చారు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగులో కూడా కావాలని నేనే అడిగాను.

మర్నాడు తెల్లవారగానే రెండు గల్లీలు దాటి అక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో బిందె తోముతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏమే, టిఫిన్ సంచి తేలేదా, పక్కకు పెట్టుకోనీకి?"

"తప్పు నాది అక్కా."

"కంప్యూటర్ చెప్పిందా?"

కాగితం తీసి, గడప మీద కూర్చుని, తెలుగు భాగం చదివాను. తొమ్మిది వరసలకు చాలాసేపు పట్టింది. అక్క బిందె తోమడం ఎక్కడ ఆపిందో నేను చూడలేదు. చదవడం అయ్యాక ఆమె, "మల్ల దొంగ ఎవరట?" అంది.

"ఇండ్ల ఎవ్వరూ లేరట."

లోపలికి వెళ్లి కొంగు సర్దుకుని వచ్చింది. షేర్ ఆటోలో నా పక్కన కూర్చుంది, మధ్యలో ఏ సంచీ లేదు. దారిలో నాతో మాట్లాడలేదు.

గేటు దగ్గర సూపర్‌వైజర్ మేడం కాగితం చదివి, మేనేజరు సంతకం చూసి, గొణుక్కుంటూ సంచీలోంచి కొత్త చేరిక కాగితం ఒకటి తీశాడు. ఇంకు పెట్టె మూత తెరిచి అక్క ముందు పెట్టాడు. అక్క వేలు ముందుకు చాపి, ఆపి, కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"చదువు ముందు" అంది.

వెనక వరస పెరుగుతోంది. ఎవరో టైమవుతోందని అరిచారు. నేను మొదటి అక్షరం మీద వేలు పెట్టి, గట్టిగా, చివరిదాకా చదివాను. అప్పుడే అక్క వేలు పెట్టింది. హాజరు పుస్తకంలో ఆ రోజు నా పేరు నేనే రాశాను. అది కూడా చాలాసేపే పట్టింది.